ఒక కంప్యూటర్‌కు ఆరు డబ్బాలు

"మనిషికి చెవులు రెండే గదా. స్పీకర్ డబ్బాలు ఐదెందుకు?" అన్నాను.

"ఐదు గాదు, ఆరు. కింద పెట్టే పెద్దది ఇంకోటుంటది," అన్నాడు మా ఆయన, ఒకటి తక్కువ చెప్పి నేను ఆయన పరువు తీసినట్టు.

"ఆరా? అవన్ని ఇంట్ల పెడితె మనం యాడ కూసోవాలె? వాకిట్లనా?"

"నీకు సమజ్ గాదు. ముంగట రెండు, ఎన్క రెండు, ఎదురుంగ ఒకటి. నడుమ మనం కూసుంటె సప్పుడు మన సుట్టూ తిర్గుతది."

"నేను తిరుగుతలేనా పొద్దుందాక ఇల్లంత, సప్పుడు జేసుకుంట? అది సాలదా?"

"గదే నేననేది. నీ సప్పుడు తప్ప ఇంకోటి ఇనవడ్తలేదు ఈ ఇంట్ల!"

గిన్నెలు తోముతున్న కోడలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. దానికి మా ఇద్దరి మాటలు టీవీ కంటే ఎక్కువ. కరెంటు ఖర్చు కూడా లేదు.

వికారాబాద్‌లో మా ఇంట్లో ఒక మంగళవారం పొద్దున జరిగిన గొడవ ఇది. మూలం మనవరాలి కంప్యూటర్. పిల్ల నర్సింగు చదువుకని హైదరాబాద్ హాస్టల్‌కు పోతూ దాన్ని మాకు వదిలిపెట్టింది. ఆదివారం వచ్చిందంటే కోడలు దాన్ని ఆన్ చేసి పెడుతుంది, పిల్ల అందులో కనిపించి మాట్లాడుతుంది. ఫోన్‌లో అయితే మొహం గోరంత కనిపిస్తుందని, ఇందులో అయితే పళ్లెమంత కనిపిస్తుందని మా ఆయన ముచ్చట. దానికి మొదటి నుంచీ రెండు చిన్న స్పీకర్లు ఉన్నాయి. వాటిలో నాకు పిల్ల మాటలే కాదు, దాని వెనక హాస్టల్ పిల్లలు ఎవరిని ఆడిపోసుకుంటున్నారో కూడా వినిపిస్తుంది.

మా ఆయనకు మాత్రం వినిపించదు. "తాతా, గోలీలు ఏసుకుంటున్నవా?" అని పిల్ల అడుగుతుంది. "ఆఁ, కరెంటు మంచిగనే ఉంటుంది బిడ్డా," అంటాడు ఈయన. పిల్ల నవ్వుతుంది. ఈయన కూడా నవ్వుతాడు, తానేదో హాస్యమాడినట్టు.

ఆ మధ్య ఒక ఆదివారం మాత్రం పిల్ల నవ్వలేదు. తల వంచుకుని, ఒక పరీక్ష తప్పానని చెప్పింది. అమ్మకు, నాయినకు కాదు, తాతకే ముందు చెప్పింది. తాత మెత్తటివాడు, తిట్టడని దాని ధైర్యం. ఈయన రెండు చేతులూ ఎత్తి, "మస్తు సంతోషం బిడ్డా! గట్లనే ఉండాలె!" అన్నాడు. పిల్ల కంప్యూటర్‌లోంచి మాయమైంది. ఆ తర్వాత రెండు ఆదివారాలు వాళ్లమ్మ ఫోన్‌కే చేసి, వాళ్లమ్మతోనే మాట్లాడింది. తాత కంప్యూటర్ ముందు దువ్వుకున్న తలతో కూర్చుని, కూర్చుని, లేచిపోయాడు.

జరిగింది నేనే ఆయనకు గట్టిగా అరిచి చెప్పాను. అరవాల్సి వచ్చింది మరి. అప్పటినుంచి తప్పంతా ఆ రెండు చిన్న డబ్బాల మీద పడింది. "గా డబ్బాలల్ల పిల్ల మాట బాయిలకెళ్లి ఒచ్చినట్టుంది. నేనేం జేస్త?" అన్నాడు. డబ్బాలకు నోరు లేదు గనుక అవి తప్పు ఒప్పుకున్నాయి.

చెవుల సంగతి మా ఇంట్లో ఎవరూ ఎత్తరు. కోడలు ఒకసారి ఎత్తింది. "మామా, సర్కారు దవాఖానల చెవులకు సూస్తరట. మిషన్ గూడ పెడ్తరట," అన్నది. ఈయన రెండు రోజులు ఆమె చేతి అన్నం ముట్టలేదు. నేను వడ్డిస్తే తిన్నాడు. వండింది ఆమే. వడ్డించే చెయ్యి మారితే పౌరుషం నిలబడుతుందని నాకు ఆ రోజే తెలిసింది.

ఆ పౌరుషానికి కారణం ఉంది. మా ఆయన తాండూరులో బండలు పాలిష్ పట్టే యూనిట్‌లో పనిచేశాడు. పొద్దున రైలుకు పోయి, పొద్దుగూకాక రైలుకు వచ్చేవాడు. నేల మీద పరిచే బండను నిలబెట్టి, వేలి కణుపుతో కొట్టి, చెవి దగ్గర పెట్టి వినడం ఆయన పని. మంచి బండ కంచు గిన్నెలా మోగుతుంది. లోపల కంటికి కనిపించని పగులు ఉంటే మొద్దుగా పలుకుతుంది. ఆయన "పక్కకు పెట్టు" అన్నది లారీ ఎక్కేది కాదు. పని మానేశాక కూడా, ఎక్కడికైనా పెద్ద లోడు పోయేటప్పుడు యజమాని కబురు పెడతాడు. ఈయన పోయి, కుర్చీలో కూర్చుని చాయ్ తాగి, నాలుగు బండలు కొట్టి వస్తాడు. చేతికొచ్చేది రైలు ఖర్చుకు కొంచెం ఎక్కువ. అయినా వారం రోజులు ఇంట్లో నేల మీద నడవడు, గాలిలో నడుస్తాడు. చెవి పోయిందని ఒప్పుకుంటే ఆ కబురు రాదు. చెవులు పోయింది కూడా అక్కడి మిషన్ల మోతలోనే. అది మాత్రం ఎవరూ కబురు పెట్టి చెప్పలేదు.

సరే, ఆ మంగళవారమే తాండూరు బయలుదేరాం. వికారాబాద్‌లో స్పీకర్లు అమ్మే దుకాణాలు లేవా అంటే ఉన్నాయి. కానీ మంచి వస్తువేదైనా తాండూరులోనే పుడుతుందని మా ఆయన నమ్మకం. అక్కడ ఆయనకు తెలిసిన షాపు ఉంది, తెలిసినవాళ్లు తక్కువకు ఇస్తారట. తెలిసినవాళ్లు తక్కువకు ఇవ్వడం నేను పెళ్లయినప్పటి నుంచి వింటున్నాను, చూడలేదు. ఎంత పెట్టదలచుకున్నానో అంత కొంగున ముడి వేసుకున్నాను. "ఈ ముడికి మించితె నువ్వు, నీ డబ్బాలు తాండూర్లనే ఉండుండ్రి. నేనొస్త ఇంటికి," అని రైలెక్కేటప్పుడే చెప్పాను. ఆయన కిటికీలోంచి చూస్తున్నాడు. విన్నాడో లేదో.

షాపాయన మమ్మల్ని చూడగానే లేచాడు. "ఆవో కాకా! పెద్దమ్మా, జర కూసోండ్రి. ఏం కావాలె?"

"కంప్యూటర్‌కు. సుట్టూ సప్పుడు రావాలె," అన్నాడు మా ఆయన.

"తక్కువల," అన్నాను.

"మంచిది," అన్నాడాయన.

"మంచిదాంట్ల తక్కువది," అన్నాను.

షాపాయన మూడు సెట్లు వరసగా పెట్టాడు. మొదటిదానికి రెండు చిన్న డబ్బాలు, ఒక పెద్దది. రెండోదానికి నాలుగు చిన్నవి, ఒక పెద్దది. మూడోదానికి ఐదు చిన్నవి, ఒక పెద్దది. ఫరక్ ఏమిటని అడిగాను.

"మొదటిది ముంగటికెళ్లే మోగుతది పెద్దమ్మా. రెండోది ఎన్కకెళ్లి గూడ. మూడోదాంట్ల మనుషుల మాటలకు అలగ్ డబ్బా ఉంటది, గిదో, గీ నడిమిది."

"గా కింది పెద్దది ఏం జేస్తది?"

"ధమ్ ధమ్మంటది. ఛాతీల తగుల్తది."

"ఛాతీల తగిలే మాటలు మా ఇంట్ల మస్తుగున్నయి, పైసలియ్యకుంటనే. మాకు మాటలే కావాలె. గా నడిమిది ఒక్కటియ్యి."

"ఒక్కటి రాదు పెద్దమ్మా. సెట్టు."

"అంటె గంటె కావాల్నంటె వంటిల్లు కొనాల్నా?"

షాపాయన నవ్వాడు. నేను నవ్వలేదు. ఏ వస్తువైనా పెట్టే జాగా చూసుకోకుండా నేను కొనను. బయలుదేరే ముందు కంప్యూటర్ వెనక వైపు కోడలితో ఫొటో తీయించి నా ఫోన్‌లో వేయించుకున్నాను. అది చూపించాను. షాపాయన దాన్ని పెద్దగా చేసి చూసి గడ్డం గోక్కున్నాడు.

"సప్పుడుకు గీ ఆకుపచ్చ రంధ్రం ఒక్కటే ఉన్నది పెద్దమ్మా. ఐదు డబ్బాల సెట్టుకు మూడు వైర్లుంటయి, మూడు రంధ్రాలు ఉండాలె. లేకుంటె నడుమ ఇంకో చిన్న డబ్బీ కొని తగిలియ్యాలె. కంప్యూటర్‌ల ఏం ఇంటరు? సినిమాలా?"

"మనవరాలు మాట్లాడ్తది."

"గట్లయితె సచ్ చెప్త. ఫోన్ మాట్లాడేదానికి ఆరు పెట్టినా ఒకటే, రెండు పెట్టినా ఒకటే. మాట సుట్టూ తిరగది."

తన సరుకు అమ్ముడుపోకుండా తానే అడ్డుపడే వ్యాపారి ఉంటాడని నాకు తెలియదు. ఇంతసేపూ మా ఆయన ఏమైపోయాడా అని చూస్తే, వరసగా డబ్బాలను వేలి కణుపుతో కొడుతున్నాడు. ప్లాస్టిక్‌దాన్ని కొట్టి పెదవి విరిచాడు. చెక్కదాన్ని కొట్టి, వేలు దాని మీదే కొంచెంసేపు ఆనించి ఉంచాడు. అది ఐదు డబ్బాల సెట్టు. అన్నిటికంటే ఎక్కువ ధరది. ఆ మాట చెప్పాల్సిన పని లేదు.

"గిది గట్టిది. పగులు లేదు. కట్టు," అన్నాడు.

"కాకా, గది బండ గాదు. మోగిచ్చి సూడాలె."

"సూసిన."

"మోగిస్త ఆగు," అన్నాడు షాపాయన, గట్టిగా.

స్పీకర్లను మోగించకుండా కొట్టి కొనే మనిషి మా జిల్లాకంతా ఈయన ఒక్కడే. పగులు ఉందా లేదా అని ఎవరడిగారు వాటిని? అయినా షాపాయన ఓపికమంతుడు. డబ్బాలను నాలుగు మూలలా పెట్టి, నడుమ కుర్చీ వేసి ఆయనను కూర్చోబెట్టాడు. నేను పక్కన నిలబడ్డాను.

రైలు చప్పుడు పెట్టాడు. నిజం చెప్పాలి, అది ముందు నుంచి వచ్చి, నా ఎడమ చెవి పక్కనుంచి వెనక్కి పోయింది. నేను తిరిగి చూశాను. గోడ ఉంది, గోడకు తగిలించిన వైర్ల కట్టలు ఉన్నాయి. సిగ్గేసి ముందుకు తిరిగాను. మా ఆయన కళ్లు మూసుకుని, తల ఊపుతూ, "మస్తుంది! సుట్టూ తిర్గుతుంది!" అన్నాడు.

షాపాయన ఆపేశాడు. షాపు నిశ్శబ్దమైంది. రోడ్డు మీద ఎవరో ఆటోను బేరమాడుతున్నారు. మా ఆయన కళ్లు మూసుకుని తల ఊపుతూనే ఉన్నాడు. "ఒస్తుంది, ఎన్కకెళ్లి ఒస్తుంది," అన్నాడు.

షాపాయన నావైపు చూసి, తర్వాత తువ్వాల తీసి, దుమ్ములేని డబ్బాను తుడవడం మొదలుపెట్టాడు. మా ఆయన కళ్లు తెరిచాడు. నా మొహం చూశాడు. తుడుస్తున్న షాపాయనను చూశాడు. తల ఊపడం ఆపాడు.

"మన కంప్యూటర్‌కు రంధ్రాలు సాలయట," అన్నాను, ఆయన ముందుకు పోయి నిలబడి, గట్టిగా. "గీ సెట్టు దానికి పట్టదు. పాత కంప్యూటర్ గదా. తప్పు దానిదే."

"అవ్ కాకా. కంప్యూటర్‌దే తప్పు," అన్నాడు షాపాయన.

మా ఆయన లేచాడు. ఆయన బేరం లేకుండా లేవడం నేను చూడడం అదే మొదటిసారి.

తిరుగు రైలులో సీటు దొరికింది. కొంగు ముడి అలాగే ఉంది. రెండు వైపులా టికెట్లు దండగ అని మామూలుగా అయితే వికారాబాద్ దాకా అనేదాన్ని. అనలేదు. కొంతదూరం పోయాక ఆయన నా చెవి దగ్గరికి వంగి, చెవిటిది నేనైనట్టు, అడిగాడు.

"ఎప్పుడాపిండు?"

"నువ్వు మస్తుంది అన్నంక," అన్నాను.

కిటికీ వైపు తిరిగాడు. బయటికే చూస్తూ, "యూనిట్‌ల చెప్పకు," అన్నాడు.

"ఎందుకు చెప్త? కాని రేపు దవాఖానకు రావాలె."

"హైదరాబాద్ పోదం. ఈడ అందరు సూస్తరు."

"హైదరాబాద్ అయితె ఛార్జీలు నీ అయ్య ఇస్తడా? వికారాబాద్‌ల ఫ్రీగ సూస్తరు."

"మిషన్ పెట్టుకుంటె బయటికి కనవడ్తది."

"ఇంట్ల ఆరు డబ్బాలు పెట్టుకుంటనంటివి. చెవుల ఒక్కటి పెట్టుకుంటె బరువైతదా?"

స్టేషన్‌లో దిగి ఇంటికి నడిచినంతసేపూ నాకంటే రెండడుగులు ముందే ఉన్నాడు. రాత్రి కోడలు వడ్డిస్తే తిన్నాడు.

తెల్లారి నేను లేచేసరికి గడ్డం గీసుకుని, అంగీ వేసుకుని బయట కూర్చుని ఉన్నాడు. ఇద్దరం చాయ్ తాగి, ఆటో ఎక్కకుండా నడిచి దవాఖానకు పోయాం. చీటీ రాయించుకుని చెవుల డాక్టర్ గది ముందు బల్ల మీద కూర్చున్నాం. లోపలి నుంచి ఆయన పేరు పిలిచారు. ఆయన ఎదుటి గోడ చూస్తున్నాడు. రెండోసారి పిలిచారు. నేను భుజం మీద తట్టాను. లేచి, అంగీ సర్దుకుని లోపలికి పోయాడు.