దెబ్బ వెయ్యి

ఇంట్లోవాళ్లు అతన్ని గాభరా అని పిలిచేవారు. అసలు పేరు పెట్టిన తండ్రే దాన్ని మరిచిపోయి ఇలాగే పిలిచేవాడంటే ఎంతగా అతుక్కుపోయిందో చూసుకోండి. భోజనం ముగియకముందే చెప్పుల కోసం కాలు చాచేవాడు. ఫోనులో అవతలివాళ్ల మాట పూర్తికాకముందే "సరే సరే" అని పెట్టేసి, ఏం సరేనో తెలుసుకోవడానికి మళ్లీ తనే చేసేవాడు. కుర్చీలో కూర్చుంటే మోకాలు ఆడేది. మోకాలితో బల్ల, బల్లతో గ్లాసు, గ్లాసులో నీళ్లు, అన్నీ ఆడేవి. "భూకంపం వచ్చినా మనింట్లో ఎవరికీ తెలియదు," అనేవాడు బావ. బావ అంటే అక్క మొగుడు, కళ్లద్దాల దుకాణం నడిపే మనిషి, మాటలు తక్కువ.

గాభరాకి పెళ్లి కాలేదు. అక్క ఇంట్లోనే ముందుగదిలో ఉండేవాడు. పట్టిన పని ఏదీ కడదాకా చేసిన పాపాన పోలేదు. కుట్టుపని నేర్చుకోబోయి చొక్కాకి ఒక చెయ్యి కుట్టి వదిలేశాడు. ఫోటో స్టూడియోలో చేరితే, జనం నవ్వేదాకా ఆగలేక ముందే నొక్కేస్తున్నాడని యజమాని దండం పెట్టి సాగనంపాడు. చివరికి ఫోన్లు బాగుచేసే దుకాణంలో కుదురుకున్నాడు. అక్కడ ఒక్కో ఫోను చిటికెలో అయిపోతుంది, విసుగు పుట్టేలోపు ఇంకోటి వస్తుంది. అయినా చుట్టాలందరి నోటా ఒకటే మాట: నిలకడ లేనివాడు. ఆ మాట వింటే అతనికి ఒళ్లు మండిపోయేది. నిజం కాబట్టే మండేదని నా అనుమానం.

అలాంటివాడు ఒకే ఒక్క పనిని ఏళ్ల తరబడి వదలకుండా పట్టుకున్నాడు. కంప్యూటర్లో ఆడుకునే ఆట ఒకటి తయారుచేస్తున్నాడు. వెనక కంపెనీ లేదు, జట్టు లేదు. వీడియోలు చూసి నేర్చుకుని, దుకాణం నుంచి రాగానే ముందుగదిలో కూర్చుని కట్టుకుంటూ వచ్చాడు.

ఆట ఇలా ఉంటుంది. తెరమీద ఒక వీరుడు ఇరుకు సందుల్లో పరుగెత్తుతుంటాడు. నలువైపుల నుంచీ రాక్షసులు మీద పడుతుంటారు. అతని చేతిలో కత్తి ఉండదు. కింద పేకముక్కల్లాంటి నాలుగు ముక్కలుంటాయి. ఒకటి మంట, ఒకటి డాలు, ఒకటి గెంతు, ఇలాగ. ఏ ముక్క వేస్తే ఆ పని జరుగుతుంది, కట్టలోంచి ఇంకో ముక్క చేతికొస్తుంది. గెలిచినప్పుడల్లా కట్టలో కొత్త ముక్క చేర్చుకోవచ్చు, పనికిరానిది తీసి పారేయవచ్చు. ఇక్కడిదాకా బాగానే ఉంది. కానీ ముక్కలు చూసుకుంటున్నంతసేపూ రాక్షసులు ఆగరు. ఆటకి అతను పెట్టిన పేరు 'ఆగితే పోతావ్'. తన బతుకే తెరకెక్కించాడు పాపం.

ముక్కల మీద మాటలు రాసేది అక్క. మందుల డబ్బాలు అచ్చువేసే ప్రెస్సులో ప్రూఫులు దిద్దే ఉద్యోగం ఆమెది. తమ్ముడు ఎంత తొందరో ఆమె అంత నిదానం. ఒక డబ్బా మీది అక్షరాలు ముందు నుంచి వెనక్కీ, వెనక నుంచి ముందుకీ చదివితే గాని సంతకం పెట్టదు. అచ్చులో సున్నా ఒకటి రాలిపోతే మందు మోతాదే మారిపోతుంది కాబట్టి అంకెల్ని అక్షరాల్లో రాయడం ఆమెకి అలవాటైపోయింది. ఆట ముక్కల మీద కూడా అలాగే రాసి ఫోన్లో పంపేది. 'మంట: దెబ్బ ఎనిమిది.' 'రాయి: దెబ్బ పన్నెండు.' గాభరా ఆ మాటల్ని ఉన్నదున్నట్టు ముక్క మీదకి ఎక్కించి, అంకెని లోపలి లెక్కలో వేసేవాడు.

చిక్కల్లా ఒకటే. ఆడటానికి కూర్చున్నవాళ్లెవరూ చివరిదాకా కూర్చోవడం లేదు. దుకాణంలో తోటివాళ్లు లేచిపోయారు. అక్క ప్రెస్సు స్నేహితురాలు "ఊపిరాడటం లేదు తల్లీ" అని లేచిపోయింది. కళ్లు తిరుగుతున్నాయని బావ మొదటి సందులోనే లేచిపోయి, వృత్తిధర్మం కొద్దీ తన కళ్లు తనే పరీక్ష చేసుకున్నాడు.

"ఒరేయ్, మనిషిని కాస్త ఆగనివ్వరా," అంది అక్క.

"ఆగితే ఇక ఆటేంటక్కా?"

"ఆలోచించుకోవాలి కదరా ఏ ముక్క వెయ్యాలో."

"ఆలోచించేవాళ్లు ఇంట్లో కూర్చుని ప్రూఫులు దిద్దుకోవాలి."

మర్నాడు అక్క ప్రెస్సు నుంచి ఒక కొత్త ముక్క పంపింది. 'నిలకడ: కాసేపు కదలకుండా నిలబడితే దెబ్బ వెయ్యి.' ఆ పేరు చూడగానే గాభరాకి సూటిగా గుచ్చుకుంది. చుట్టాలు అన్న మాట చాలక ఇప్పుడు ఆటలో కూడానా? ముక్క అంటూ పంపింది కాబట్టి పెట్టాడు. మండిపోతూ, సరిగా చదవకుండా, ఒక చేత్తో టీ తాగుతూ పెట్టాడు. తర్వాత ఆ ముక్కని ఒక్కసారి కూడా ఆడి చూడలేదు. కదలకుండా నిలబడటం అతని వల్ల అయ్యే పని కాదు కదా.

ఇంతలో చిన్న చిన్న ఆటలు తయారుచేసేవాళ్లందరికీ కలిపి ఒక పెద్ద హాల్లో ప్రదర్శన పెడుతున్నారని తెలిసింది. గాభరా కూడా తన ఆట పెట్టడానికి అందులో ఒక బల్ల తీసుకున్నాడు. వెళ్లేముందు అక్కతో, అడక్కుండానే, ఒక మాట అనేశాడు. "ఒక్కరంటే ఒక్కరు చివరిదాకా ఆడితే సరే. లేదంటే దీన్ని మూసేస్తాను. ముందుగదిలో బావ కళ్లు పరీక్షచేసే కుర్చీ వేసుకోవచ్చు." ఏమన్నాడో అన్న తర్వాత గాని తెలిసిరాలేదు. మొదలుపెట్టినవన్నీ వదిలేసినవాడికి వదలనిదంటూ ఇదొక్కటే ఉంది. ఇదీ పోతే ఇక తన గురించి ఎవరేమన్నా నోరెత్తడానికి ఉండదు.

ప్రదర్శనకి సెలవు పెట్టి అక్క కూడా వచ్చింది. పొద్దుటి నుంచీ జనం వస్తూనే ఉన్నారు, కూర్చుంటూనే ఉన్నారు, లేస్తూనే ఉన్నారు. "బాగుందండీ," అని లేచేవాళ్లే ఎక్కువ. ఆ మాట వింటే గాభరాకి ఏడుపొచ్చేది. బల్ల వెనక కాలుగాలిన పిల్లిలా తిరిగాడు. వైర్లు ఊడదీసి మళ్లీ పెట్టాడు. తుడిచిన తెరనే తుడిచాడు.

"నువ్వు కాసేపు కూర్చోరా, నాకు తల తిరుగుతోంది," అంది అక్క.

మధ్యాహ్నం ఖాకీ చొక్కాతో ఒక పెద్దమనిషి వచ్చాడు. బడి బస్సు డ్రైవరట. హాలు అవతలి చివర భార్య ఏదో చూస్తోందట, ఆమె వచ్చేదాకా కాలక్షేపం. కూర్చున్నాడు, కళ్లజోడు సర్దుకున్నాడు, ఆట మొదలుపెట్టాడు. మొదటి సందు మలుపు రాగానే టక్కున ఆగిపోయాడు. ఇటు చూశాడు, అటు చూశాడు.

"పరుగెత్తాలండీ! ఆగకూడదు!" అన్నాడు గాభరా.

"మలుపు కదా బాబూ. చూసుకోకుండా ఎలా తిప్పుతాం?"

ఎదురుగా ఆ సందుకి పెద్దదిక్కయిన రాక్షసుడు రంకె వేస్తూ వస్తున్నాడు. డ్రైవరు మాత్రం చేతి ముక్కల్ని తీరిగ్గా చదువుకుంటున్నాడు. ఉన్నట్టుండి 'నిలకడ' వెలిగింది. ఒక్క మెరుపు. రాక్షసుడు బూడిదైపోయాడు. మంచి ఆటగాళ్లు చెమటలు కక్కితే గాని చావని రాక్షసుడు!

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. పక్క బల్లల వాళ్లు మెడలు చాచారు. "ఇదేదో బాగుందే!" అన్నాడు డ్రైవరు.

గాభరా అక్కవైపు తిరిగాడు. "వెయ్యి ఏంటక్కా? అంత దెబ్బ ఎవరైనా పెడతారా?"

"ఏ వెయ్యి?"

"నువ్వే కదా రాశావు, దెబ్బ వెయ్యి అని."

అక్క తెరవైపు చూసింది, తమ్ముడి వైపు చూసింది, నాలుక కరుచుకుంది. "ఒరేయ్, దెబ్బ వెయ్యమన్నానురా! కొట్టమన్నాను! ఎంతో నువ్వే చూసుకుంటావని వదిలేశాను. తెర మీద ఎన్నిసార్లు చదివానో, నాకు ప్రతిసారీ వెయ్యమనే కనబడింది."

"నాకు ప్రతిసారీ వెయ్యిలాగే కనబడింది."

ఇద్దరికీ నవ్వాగలేదు. వెనక నుంచి ముందుకి చదివినా దొరకని తప్పు అది. అంతలో డ్రైవరు రెండో సందులో కూడా ఆగి ఇంకో రాక్షసుణ్ని మట్టుబెట్టాడు. గాభరా చెయ్యి కీబోర్డు వైపు వెళ్లింది. అక్క అతని మణికట్టు పట్టుకుని చెవిలో అంది.

"ఉండనివ్వరా. ఇలాగైతే ఆయన చివరిదాకా ఆడేస్తాడు. గది నీకే ఉంటుంది."

గాభరా తెరవైపు చూశాడు. నోరు మూసుకుంటే చాలు, అన్న మాట చెల్లిపోతుంది. ఆట మిగులుతుంది. కానీ ఆ ఆటని తనదని చెప్పుకోగలడా?

"అది నా ఆట కాదక్కా. అచ్చుతప్పు."

అచ్చుతప్పుని ఉండనివ్వమనడం ప్రెస్సులో పనిచేసే మనిషి వల్ల కాదు. అక్క చెయ్యి వదిలేసింది.

గాభరా డ్రైవరుతో ఉన్నమాట చెప్పాడు. "సార్, ఆ ముక్కలో తప్పుంది. దిద్దితే మీకు ఆట కష్టమైపోతుంది. మళ్లీ మొదటి నుంచి ఆడాలి."

"దిద్దుకో బాబూ. కానీ ఆ ఆగేది మాత్రం తీసెయ్యకు. పిల్లలు ఎక్కేదాకా ఆగుతాను, దిగేదాకా ఆగుతాను. పొద్దస్తమానం నేను చేసే పని అదే. దానికి ఎవరైనా మెచ్చి ముక్క ఇవ్వడం ఇదే మొదలు."

దెబ్బని పన్నెండుకి దించాడు గాభరా. డ్రైవరు మళ్లీ మొదలుపెట్టాడు. చచ్చాడు. మళ్లీ కూర్చున్నాడు. ప్రతి మలుపులోనూ ఆగి, ముక్కలు చదివి, కొట్టి, కదిలాడు. చూస్తూ నిలబడటం గాభరాకి నరకం అయింది. చొక్కా గుండీ పట్టుకుని మెలితిప్పి తెంపేశాడు. పక్కకి పోబోతే అక్క చొక్కా పట్టుకుని ఆపింది. చివరి సందులోకి వచ్చేసరికి డ్రైవరు ఫోను మోగింది. ఆయన కుర్చీలోంచి సగం లేచాడు.

"కాసేపు ఆగవే," అన్నాడు డ్రైవరు ఫోనులో. "నువ్వే ఇటు రా. ఇక్కడ మలుపులో ఉన్నాను." ఫోను బల్ల మీద పెట్టి మళ్లీ కూర్చున్నాడు.

ఆఖరి రాక్షసుడు పడ్డాడు. ఆట అయిపోయిందని తెర మీద వచ్చింది. ఆ అక్షరాల్ని గాభరా తప్ప ఇంకో మనిషి చూడటం అదే మొదటిసారి. భార్య వచ్చి భుజం తడితే డ్రైవరు లేచి, "పేరు మార్చు బాబూ, ఆగితేనే బతికాను," అని నవ్వి వెళ్లిపోయాడు. గాభరా కళ్లలో నీళ్లు తిరిగాయి. సరే సరే అని కూడా అనలేకపోయాడు.

ఆ సాయంత్రం ఇంటికి రాగానే ముందుగదిలో కంప్యూటరు పెట్టుకుని కూర్చున్నాడు. అంతమంది ముందు ఎవరో వాడి చూపించిన ముక్కని తను ఇంతవరకూ వెలిగించలేదు. సిగ్గేసింది. ఆట మొదలుపెట్టి మలుపు దగ్గర ఆగాడు. వేలు దానంతటదే నొక్కేసింది. మళ్లీ ఆగాడు. మళ్లీ నొక్కేశాడు. అక్క గుమ్మం దగ్గర నిలబడి చూస్తోంది.

"చెయ్యి తీసెయ్యరా."

తీసేశాడు. రెండు చేతులూ ఒళ్లో పెట్టుకున్నాడు. రాక్షసుడు వస్తున్నాడు. మోకాలు ఆడబోయి ఆగింది. బల్ల చప్పుడు ఆగింది. గ్లాసులో నీళ్లు నిలిచాయి. తెర మీద ముక్క మెల్లగా వెలిగింది.

లోపలి గదిలోంచి బావ కంగారుగా కేకేశాడు. "ఏమైంది? కరెంటు పోయిందా?"

"లేదండీ," అంది అక్క. "మీ బావమరిది కూర్చున్నాడు."