శనివారం వంట క్లాసు

మా ఆశ్రమ పాఠశాలకు కొత్త హెడ్మాస్టరు గారు వచ్చిన ఏడాది నేను ఏడో తరగతి. తొంభైల మధ్య మాట. డుంబ్రిగుడ దాటాక కొండవాలులో ఉండేది మా బడి. చుట్టుపక్కల గిరిజన ఊళ్ళ నుంచి వచ్చిన రెండు వందల మందిమి అక్కడే చదువుకుని, అక్కడే తిని, అక్కడే పడుకునేవాళ్ళం. గంట కొడితే లేచేవాళ్ళం, గంట కొడితే కంచాలు పట్టుకుని వరసలో నిలబడేవాళ్ళం.

కొత్త హెడ్మాస్టరు గారు విజయనగరం వైపు మనిషి. వచ్చిన రెండో వారమే ప్రార్థన అయ్యాక మమ్మల్ని కూర్చోబెట్టి చెప్పారు.

"ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల వాళ్ళు వినండి. ఇక మీదట శనివారం మధ్యాహ్నం చివరి రెండు పీరియడ్లు పుస్తకాలు ఉండవు. కుట్టుపని, వడ్రంగం, తోటపని, బొమ్మలు, డప్పూ పాటా, వంట. ఈ ఆరింటిలో ఏది నేర్చుకుంటారో చీటీ మీద రాసి ఇవ్వండి."

చీటీలు పంచారు. మేం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. బళ్ళో అంతవరకూ మమ్మల్ని ఏం కావాలని అడిగిన వాళ్ళు లేరు. ఏది రాస్తే ఏమంటారో అని భయం కూడా వేసింది. నా పక్కన కూర్చునే నేస్తం చెయ్యి అడ్డం పెట్టుకుని ఏదో రాశాడు. వాడి చేతి కింద నుంచి తొంగి చూసి నేనూ అదే రాశాను. "మీ ఇష్టం సార్."

మర్నాడు ఆయన చీటీల కట్ట పట్టుకుని మా తరగతికి వచ్చారు. క్లాసులో సగం మందికి పైగా అదే మాట రాశామట. ఆయన కోప్పడలేదు.

"నా ఇష్టం అడిగితే నేను నేర్చుకుంటాను. మీరు నేర్చుకోవాలంటే మీ ఇష్టమే రాయాలి. వెనకవైపు ఖాళీగానే ఉంది కదా, దాని మీద రాయండి. రేపటి దాకా ఆలోచించుకోండి" అని చీటీలు తిరిగి ఇచ్చేశారు.

ఆ రోజంతా బళ్ళో అదే కబురు. నా నేస్తం వడ్రంగం అన్నాడు. వాళ్ళ మామ నాగళ్ళు చెక్కుతాడు. ఆడపిల్లలు చాలామంది కుట్టుపని అన్నారు, కొందరు తోటపని. నేను వెనకవైపు "వంట" అని రాసిచ్చాను. హెడ్మాస్టరు గారు నన్ను గదిలోకి పిలిచారు.

"వంట ఎందుకు ఎంచుకున్నావురా?"

అబద్ధం ఆడదామనుకున్నాను గానీ ఏమీ తోచలేదు. "అడుగంటిన అన్నం వంట చేసిన వాళ్ళకే దక్కుతుంది సార్" అన్నాను.

ఆయన నవ్వాపుకోలేక కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "నీతో కలిపి ఏడుగురు రాశారు. ఏడుగురూ మగపిల్లలే. అడుగంటిన అన్నం ఏడుగురికి సరిపోదేమోరా" అన్నారు.

మా వంటమనిషి శృంగవరపుకోట దగ్గరి నుంచి వచ్చి కొండ మీద స్థిరపడిపోయిన ముసలాయన. అందరం తాత అనేవాళ్ళం. ఆ శనివారం మేం ఏడుగురం వంటశాల గుమ్మంలో నిలబడేసరికి ఆయన గరిటె పట్టుకుని అడ్డంగా వచ్చాడు.

"ఏటి బాబూ ఇది?" అన్నాడు మా వెనక నిలబడ్డ హెడ్మాస్టరు గారితో. "సదువుకోడానికొచ్చిన గుంటల్ని పొయ్యికాడికి తోల్తారేటి? కాలితే ఎవలికి మాట?"

"పొయ్యి దగ్గరికి ఎప్పుడు రానివ్వాలో నువ్వే చెప్పు. అంతవరకూ దూరంగానే నేర్పు" అన్నారు ఆయన.

ఆ దూరం ఐదు వారాలు పట్టింది. మొదట్లో మేం చేసిన పని బియ్యంలో రాళ్ళు ఏరడమే. ఏరి పెట్టిన చేటలో తాత మళ్ళీ వేళ్ళు పెట్టి వెతికేవాడు. ఒక్క రాయి దొరికినా చేట మొత్తం వెనక్కి ఇచ్చేవాడు. "తినీవోడి పన్ను ఇరిగితే నీ పన్ను ఇత్తావేట్రా?" అనేవాడు. ఆ తర్వాత తడి కట్టెలు ఆరబెట్టడం, పప్పు కడగడం. అవతల షెడ్డులో నా నేస్తం అప్పటికే పీట ఒకటి తయారు చేసేసి, దాని మీద కూర్చుని నన్ను చూసి కాళ్ళు ఊపుతున్నాడు.

నాకు ఏడుపొచ్చింది. హెడ్మాస్టరు గారి దగ్గరికి వెళ్ళి వడ్రంగానికి మారిపోతానన్నాను. "దసరా దాకా మారేది లేదు. అప్పటికీ నచ్చకపోతే మారుదువు గాని" అన్నారు.

ఆరో వారం తాత మమ్మల్ని పొయ్యి దగ్గరికి రానిచ్చాడు. డేగిసా మూత మాత్రం తియ్యనివ్వలేదు. "సూడకు. ఇను" అన్నాడు. అన్నం ఉడికే చప్పుడు నీళ్ళున్నంతసేపూ ఒకలా, నీళ్ళు ఇంకుతున్నప్పుడు ఇంకొకలా ఉంటుందని అప్పుడే తెలిసింది. నేను మూడుసార్లు తప్పు చెప్పాను. నాలుగోసారి సరిగ్గా చెప్పేసరికి తాత గరిటె నా చేతిలో పెట్టాడు. ఆ సాయంత్రం మా నేస్తం పీట సంగతి నాకు గుర్తే రాలేదు.

శ్రావణంలో వాన పట్టుకుంది. వారం రోజులు తెరిపి లేదు. ఘాట్ రోడ్డు మీద కొండచరియ పడి కింది నుంచి లారీలు, బస్సులు రావడం ఆగిపోయింది. ఆ వానల్లోనే తాతకు మలేరియా వచ్చింది. వంటశాల పక్క గదిలో రెండు రగ్గులు కప్పుకుని కూడా వణికిపోతున్నాడు. నర్సమ్మ వచ్చి మాత్రలిచ్చి, నాలుగైదు రోజులు మంచం దిగొద్దని చెప్పింది. తాతకు సాయం చేసే ఆవిడ కూతురి పురుడికని కిందికి వెళ్ళి అక్కడే చిక్కుకుపోయింది.

హెడ్మాస్టరు గారు మా ఏడుగురినీ పిలిచారు. మిగిలిన మాష్టార్లు ఆయన వెనకే నిలబడ్డారు.

"బరువులు మీరు ఎత్తొద్దు. కాలే డేగిసాలు మీరు దించొద్దు. అవి మేం చూసుకుంటాం. మిగతాది ఎలా చెయ్యాలో మీరు చెప్పండి, మేమూ చేస్తాం. అవుతుందా?"

మేం అవుతుందన్నాం. కాదనడం ఎలాగో తెలియలేదు.

లెక్కల మాష్టారు ఉల్లిపాయలు తరుగుతూ కళ్ళు తుడుచుకుంటుంటే మేం నవ్వు బిగబట్టుకున్నాం. "ఇంకా సన్నగా తరగాలి సార్" అని మాలో ఒకడు అన్నాడు. ఆయన మారుమాట లేకుండా సన్నగా తరిగారు. అంతవరకూ బాగానే ఉంది. వడ్డించాక తెలిసింది, అన్నం అడుగున ముద్దయిపోయి పైన పలుకుగా ఉంది. పప్పు నీళ్ళలా జారిపోయింది. వరసలో ఉన్న ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకతె కంచంలోకి వంగి చూసి, "పప్పులో పప్పేది?" అంది. అందరూ నవ్వారు. నేను వెళ్ళి కట్టెల పాక వెనక నిలబడ్డాను. కాసేపటికి తొంగి చూస్తే హెడ్మాస్టరు గారు పిల్లల మధ్య కింద కూర్చుని అదే అన్నం, అదే పప్పు మెతుకు వదలకుండా తింటున్నారు.

నేను తాత గదికి వెళ్ళి జరిగిందంతా చెప్పాను. రగ్గు లోపలి నుంచే మాట్లాడాడు.

"అడుగు ముద్దయి మీదన పలుకుందంటే మంట ఒక్క పక్కనే ఎట్టేరు. కట్టెలు నాలుగేపులా తొయ్యండి. సగం ఉడికేక ఓపాలి కలపాల. పప్పుకి నీళ్ళు ముందే పొయ్యకండి, ఉడికేక సూసుకుని పొయ్యండి. పో, బేగి పడుకో, రేపు సరిగ్గొత్తాది."

మర్నాడు సరిగ్గానే వచ్చింది. కాకపోతే మూడో రోజుకి కూరగాయలు అయిపోయాయి. తోటపని వాళ్ళు వాళ్ళ మడుల్లో ఉన్న గుమ్మడికాయలు నాలుగూ తెచ్చిచ్చారు. అవి రెండు వందల మందికి ఏ మూలకు? నేను గుమ్మంలో నిలబడి ఆలోచిస్తుంటే బడి వెనక గెడ్డ ఒడ్డున ఉన్న వెదురు పొదలు కనిపించాయి. వానలకు మొలకలు మోకాలి ఎత్తు లేచి ఉన్నాయి. మా ఇంట్లో ఈ రోజుల్లో అమ్మ ఆ మొలకల కూరే వండుతుంది. చిన్నప్పటి నుంచి పక్కన కూర్చుని చూస్తున్నదే, కూర అనుకోలేదు అంతే. బళ్ళో వండేవాటినే కూరలనుకునేవాణ్ణి.

హెడ్మాస్టరు గారికి చెప్తే ఆలోచనలో పడ్డారు. "పిల్లలకి పడతాయా ఇవి? చేదని విన్నాను" అన్నారు.

"సన్నగా తరిగి రెండు నీళ్ళు ఉడకబెట్టి పారబొయ్యాలి సార్. అప్పుడు చేదుండదు."

ఆయన నా మాట ఒక్కటే నమ్మి ఊరుకోలేదు. పక్క ఊరి నుంచి ఒక అవ్వను పిలిపించారు. అవ్వ వచ్చి పొయ్యి పక్కన చుట్ట కాలుస్తూ కూర్చుని, రెండో నీళ్ళు పారబోసేదాకా కదల్లేదు. ఒక ముక్క నోట్లో వేసుకుని, తల ఊపి వెళ్ళిపోయింది. నానబెట్టిన బియ్యం నూరి కలిపి, పచ్చిమిరపకాయలు, పసుపు వేసి ఉడికించాం. గుమ్మడికాయ ముక్కలు కూడా అందులోనే వేసేశాం.

వాసన గదుల్లోకి వెళ్ళినట్టుంది. గంట కొట్టక ముందే పిల్లలు కంచాలు పట్టుకుని వచ్చేశారు. రోజూ ఉండే గోల లేదు. తినే చప్పుడే. మూడో తరగతి పిల్ల ఒకతి కంచం నాకుతూ మా ఇంటి భాషలో, "ఇది ఇంటిదే కదా" అంది పక్క పిల్లతో. పప్పు గురించి అడిగిన ఎనిమిదో తరగతి అమ్మాయి రెండోసారి వచ్చి కంచం చాపింది.

"బాగుందా?" అన్నాను.

"మా అమ్మ ఇంకాస్త పులుపేస్తది" అంది. ఇంకో గరిటె వెయ్యమన్నట్టు కంచం మాత్రం తియ్యలేదు.

ఐదో రోజు తాత కర్ర పట్టుకుని వంటశాలకు వచ్చాడు. మళ్ళీ అదే కూర పొయ్యి మీద ఉంది. అరచేతిలో వేయించుకుని తిన్నాడు.

"ఇదెవలు సేసేర్రా?"

"నేనే తాతా. మా ఇంటి కూర."

"ఇన్నేళ్ళ బట్టి ఈ కొండ మీద వొండుతన్నాను. ఇది నాకెవలూ పెట్టనేదు."

"నువ్వెప్పుడూ అడగలేదు తాతా" అన్నాను. అనేశాక భయం వేసింది.

ఆయన గోడకు ఆనుకుని నిలబడ్డాడు. "నిజమే. అడగనేదు" అన్నాడు నెమ్మదిగా. "శనివారం సెప్పు. నాను కూకుని సూత్తాను."

చెప్పినట్టే ఆ శనివారం తాత మేం కూర్చునే చెక్క మీద కూర్చున్నాడు. నేను పొయ్యి దగ్గర నిలబడి ఒక్కొక్కటీ చెప్తూ చేశాను. మధ్యలో రెండుసార్లు ఆయన లేవబోయి, మళ్ళీ కూర్చున్నాడు. ఆ తర్వాత వానాకాలమంతా వారానికొకసారి మా బళ్ళో వెదురు మొలకల కూర ఉండేది. మిగతా ఆరుగురూ కూడా ఇళ్ళ నుంచి ఒక్కొక్క వంట మోసుకొచ్చారు. ఒకడు సామల అన్నం, ఒకడు అడవి దుంపలు. దసరా ముందు హెడ్మాస్టరు గారు "వడ్రంగానికి మారతావా?" అని అడిగారు. వద్దన్నాను.

ఆయనకు రెండేళ్ళకే బదిలీ అయింది. వెనక వచ్చినవారు శనివారం పీరియడ్లలో లెక్కలు పెట్టారు. మేం బాధపడ్డాం గానీ, నేర్చుకున్నది ఎక్కడికీ పోలేదు. మా ఏడుగురిలో ఒకడు అరకు స్టేషను దగ్గర చిన్న హోటల్ పెట్టాడు. రెండువేల సంవత్సరం తర్వాత సందర్శకులు పెరిగాక వాడికి తీరికే లేదు. నేను మాష్టార్నయి, ముంచింగిపుట్టు వైపు ఉద్యోగంలో చేరాను. పెళ్ళయిన కొత్తలో మా ఇంట్లో వంట నాదేనని తెలిసి తోటి మాష్టార్లు ఆటపట్టించేవారు, తర్వాత ఆదివారాలు భోజనానికి వచ్చేవారు.

వంట నేర్చుకున్న ఆ మొదటి ఏడాది దసరా సెలవులకు ఇంటికి వెళ్ళినప్పటి రోజు ఒకటి నాకు బాగా గుర్తు. అమ్మ సామ కోతకు పోయింది. సాయంత్రం వచ్చేసరికి అన్నం వండి, కూర చేసి, ఇల్లు ఊడ్చి పెట్టాను. అమ్మ కొడవలి చూరులో దోపి, కట్టెల కోసం చుట్టూ చూసింది. పొయ్యిలో నిప్పు అప్పటికే ఆరిపోతోంది. మూత తీసి చూసింది.

"ఎవరొచ్చారు?" అంది.

"ఎవరూ రాలేదు. నేనే వండాను."

"బడికి పంపింది ఇందుకా?" అంది గానీ కోపం లేదు ఆ గొంతులో. కాళ్ళు కడుక్కుని వచ్చి కూర్చుంది. నేను వడ్డించాను. మొదటి ముద్ద తిని నా వైపు ఒకసారి చూసి, తర్వాత తలెత్తకుండా తింది. రెండోసారి అన్నం అడిగి వేయించుకుంది. అన్నం అయ్యాక కంచం నన్ను కడగనివ్వలేదు. ఆ కంచం కడిగి బోర్లించి, అరుగు మీదికి వెళ్ళి కూర్చుంది. ఇంకా వెలుగుంది. ఎదురు కొండ మీద వలిసె పూలు అప్పుడప్పుడే విచ్చుకుంటున్నాయి. చెయ్యడానికి పనేమీ మిగలకపోవడంతో అమ్మ చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని, చాలాసేపు అలాగే కూర్చుంది.