అత్తమ్మ పసుపు

అది 2022 వానాకాలం. ఆర్మూర్ చుట్టుపక్కల పసుపు పొలాలు తిరగడమే నా ఉద్యోగం. ఒక పరిశోధన కేంద్రంలో టెక్నికల్ అసిస్టెంట్‌ని. పేరు గొప్ప, ఊరు దిబ్బ అన్నట్టు, హోదా ఇంగ్లీషులో ఉన్నా చేసేది మట్టిపనే. బస్సులో పక్కసీటు ఆడవాళ్ళు ఏం పని చేస్తావని అడిగితే “పసుపు పెడతా” అనేదాన్ని. పేరంటాలు తిరగడం కూడా ఒక నౌకరీయేనా అన్నట్టు చూసేవాళ్ళు.

నేను చూసే విభాగాన్ని ఫీల్డ్ జీన్ బ్యాంక్ అంటారు. వరి, జొన్న లాంటివాటికి గింజ ఉంటుంది. ఎండబెట్టి చల్లటి గదిలో దాస్తే ఏళ్ళ తరబడి చెడకుండా ఉంటుంది. పసుపుకు ఆ సుఖం లేదు. దాని విత్తనం పసుపు కొమ్మే. ఏటా తవ్వాలి, ఏటా మళ్ళీ మట్టిలో పెట్టాలి. ఒక్క ఏడు మరిచిపోతే ఆ రకం అక్కడితో సరి. అందుకని ఊళ్ళల్లో అక్కడక్కడా మిగిలిన పాత రకాల కొమ్ములు తెచ్చి, ఒక్కోదానికి ఒక్కో వరుస ఇచ్చి కాపాడుతుంటాం. అందరి పొలాల్లో ఒకే రకం ఉంటే ఒకే రోగం అందరి ఇళ్ళనూ ముంచుతుంది. ఈ యాతనంతా అందుకే.

ఆ ఏడు ముంచింది. జులైలో పట్టుకున్న వాన పొలాల్ని ఆరనివ్వలేదు. పసుపుకు తడి కావాలి గానీ కాళ్ళ కింద నీళ్ళు నిలిస్తే దుంపకుళ్ళు వస్తుంది. సెప్టెంబరులో బాల్కొండ దారిలో ఒక ఊరికి నష్టం చూడటానికి వెళ్ళినప్పుడు ఆ కుళ్ళు వాసన రోడ్డు దాకా వచ్చింది. పెట్టుబడి పెట్టిన మనుషుల ముఖాలు చూడలేక నేను మొక్కలనే చూస్తూ నడిచాను.

పద్మ అనే ఆమె పొలం దగ్గర ఆగిపోయాను. నలభైకి దగ్గర పడిన మనిషి. భర్త దుబాయిలో ఉంటే పదేళ్ళకు పైగా ఒక్కతే వ్యవసాయం చేస్తోంది. ఆమె మడి అంతా పండుబారి పడిపోయింది. ఆ కొసన, నీళ్ళు నిలిచే పల్లంలో, నాలుగు సాళ్ళు మాత్రం పచ్చగా నిలబడి ఉన్నాయి. అన్నిటికంటే ముందు చావాల్సినవి అవి.

“గా మూలకు ఏం బెట్టినవ్ పద్మా?” అని అడిగాను.

“గది మా అత్తమ్మ పసుపు మేడం. కొమ్ములు సన్నగ, వంకరటింకరగ ఉంటయ్. బేరగాళ్ళు మొహం గూడ జూడరు. ఇంట్లకే పెట్టుకుంటం.”

“కుళ్ళలేదేంది మరి?”

“గదెన్నడు కుళ్ళింది? గది నీళ్ళల్ల పండిన బర్రె లెక్క, దానికేం గాదు అంటుండె మా అత్తమ్మ.”

పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదన్న మాట ఊరికే పుట్టలేదు. పక్క రైతులు కొత్త మందుల కోసం ఆర్మూర్ దుకాణాల చుట్టూ తిరుగుతుంటే, కుళ్ళుని లెక్కచెయ్యని పసుపు ఈమె మడి మూలన ఉంది. వంగి చూశాను. ఆకు సన్నం, కాండం మొదట్లో ఎర్రటి జీర. మా వరుసల్లో అలాంటిది లేదు. అది కేంద్రానికి చేరితే నీళ్ళు నిలిచే పొలాల రైతులందరికీ ఒక దారి దొరుకుతుంది.

అప్పుడే నాలుగు మొక్కలు పీకి తెచ్చుకోవచ్చు కదా అని మీకు అనిపించవచ్చు. కుదరదు. కొమ్ములింకా ఊరలేదు. పైగా చుట్టూ కుళ్ళు ఉన్న మడి నుంచి తడిమట్టితో మొక్క తెస్తే మా వరుసలన్నిటికీ చావు తెచ్చినట్టే. క్వారంటైన్ అన్న మాట కరోనా వచ్చాక మనుషులకు తెలిసింది గానీ మొక్కలకు అది ఎప్పటినుంచో ఉంది. పంట ఎండి, తవ్వాక, శుభ్రం చేసిన కొమ్ములే తీసుకోవాలి.

“తవ్వేటప్పుడు నాకు ఫోన్ చెయ్. గీ నాలుగు సాళ్ళు మాత్రం ఉడకబెట్టకు” అన్నాను. అమ్మకానికి పోయే పసుపును డ్రమ్ముల్లో ఉడకబెట్టి, కల్లంలో ఎండబోస్తారు. ఉడికిన కొమ్ముకు రంగు వస్తుంది, ధర వస్తుంది. మొలక మాత్రం రాదు.

“అయ్యో, ఉడకబెడ్తనా మేడం! నా పాణం బోయినా ఉడకబెట్ట” అంది పద్మ.

ఆ చలికాలమంతా ఫోన్‌లో మాట్లాడుకున్నాం. భర్త పేరు నడ్పి సాయిలు. మా దిక్కున ఒకే దేవుడికి మొక్కుకుని ముగ్గురు కొడుకులకూ ఒకే పేరు పెట్టి, పెద్ద, నడ్పి, చిన్న అని పిలుచుకునే ఇళ్ళు ఉన్నాయి. నడిమివాడు నడ్పి సాయిలు. ఊరివాళ్ళెవరు దుబాయి పోతున్నా “మా అమ్మ పసుపు జర అంత పంపియ్యి” అని అడుగుతాడట. క్యాంపులో కూరలో వేసుకుంటే ఇంట్లో తిన్నట్టుంటుందట. తల్లి రాజవ్వ చనిపోయినప్పుడు సెలవు దొరక్క రాలేకపోయాడు. రాజవ్వ పోయాక ఆ నాలుగు సాళ్ళను పద్మే ఏటా పెట్టి తీస్తోంది. పసుపును వరసగా ఒకే చోట పెట్టకూడదు కాబట్టి ఆ సాళ్ళు ప్రతి ఏడూ చోటు మారేవి. ఈ ఏడు ఏ మూలన ఉన్నాయో పద్మకు తప్ప ఇంట్లో ఎవరికీ తెలియదు.

ఫిబ్రవరిలో పద్మ తల్లి జారిపడి తుంటి విరిగింది. నిజామాబాద్ దవాఖానలో తల్లి పక్కన ఉండి పద్మ నాకు ఫోన్ చేసింది. “ఫికర్ చెయ్యకుండ్రి మేడం. అమ్మను ఇంటికి దోలంగనే వచ్చి తవ్విపిస్త. ఆకు కోసిపెట్టిన, భూమిలున్నది గద, ఏం గాదు” అంది. నిజమే, ఆకు కోశాక కూడా పసుపు కొన్నాళ్ళు భూమిలో భద్రంగా ఉంటుంది. తను తిరిగొచ్చే రోజు కనుక్కుని నేను ఆ రోజుకే సంచులు, చీటీలు సర్దుకుని ఆర్మూర్‌లో బస్సెక్కాను.

పొలం పక్కన కల్లంలో పసుపు ఆరబోసి ఉంది. దాని మధ్య ఒక మగమనిషి లుంగీ ఎగగట్టి, పార పట్టుకుని, ముఖమంతా నవ్వుతో నిలబడ్డాడు. చూడగానే గుర్తుపట్టాను, పద్మ ఫోన్ మీద ఉండే ముఖమే.

“మేడం గదా? రాండ్రి, రాండ్రి. పద్మ చెప్తుంటది మీ గురించి. నేను ఇగ పోను, వచ్చేసిన. కంపినోళ్ళు లెక్క జేసి పంపిండ్రు.”

“ఎప్పుడొచ్చినవన్నా?”

“పదిరోజులాయె. వచ్చినట్టు పద్మకు చెప్పిన గని పంట తవ్విపిస్తున్న సంగతి చెప్పలే. గిన్నేండ్లు ఒక్కతే సచ్చింది. గీ ఒక్క ఏడన్న కూసోని సూడనీ అని, అది వచ్చేసరికల్ల తవ్విపిచ్చి ఉడకబెట్టిచ్చి సాఫ్ జేసిన. కుళ్ళింది పోంగ మిగిలింది ఎంత మంచి రంగొచ్చిందో సూడుండ్రి.”

“విత్తనం తీసిపెట్టినవా?” అని మాత్రం అడగగలిగాను.

“తియ్యకుంట ఉంటనా? లావు కొమ్ములన్ని ఏరి నీడకు కుప్ప బెట్టిన. సన్నయి, వంకరయి డ్రమ్ముల ఏసిన.”

మంచి రైతు ఎవరైనా అదే చేస్తాడు. బలమైన కొమ్ముని విత్తనానికి ఉంచి బక్కదాన్ని ఉడకబెడతాడు. నీడన ఉన్న కుప్ప తిరగేశాను, అన్నీ లావువే. కల్లంలో వంగి ఏరాను. మామూలు కొమ్ముల మధ్య అక్కడొకటి ఇక్కడొకటి, సన్నగా, వంకరగా. ఒకటి విరిచాను. లోపల అంత ముదురు రంగు నేను ఏ పసుపులోనూ చూడలేదు.

ఇంతలో ఆటో దిగి పద్మ వచ్చింది. చేతిలో దవాఖాన సంచి అలాగే ఉంది. ముందు భర్తను చూసి నవ్వింది, తర్వాత కల్లాన్ని చూసింది, తర్వాత పొలం కొసను చూసింది. నవ్వు ముఖం మీద అలాగే ఉండిపోయింది, కళ్ళు మాత్రం నిండాయి. ఆయన వాటిని సంతోషం అనుకున్నాడు.

“ఎట్లున్నది?” అన్నాడు.

“మంచిగ చేసినవ్. నేనైతే గింత జల్ది చెయ్యకపోదు” అంది పద్మ.

ఆయన చాయ్ కోసం ఇంటికి పోగానే నా చెయ్యి పట్టుకుని మోటారు కొట్టం వెనక్కి తీసుకుపోయింది. అంతవరకు మేడం అని పిలిచిన మనిషి అక్కా అంది. “అక్కా, ఆయనకు చెప్పకుండ్రి. అత్తమ్మ పోయిననాడు ఫోన్ల సూసుకుంట ఏడ్సిండు. గిప్పుడు గిది గూడ తన చేతులతోనే పోయిందని ఎరుకైతే తట్టుకోడు. మీకు ఇచ్చిన, మీ కాడ పదిలంగున్నదని చెప్త. జర కాదనకుండ్రి.”

సరేనన్నాను. ఏం చెప్పను? నాకే దుఃఖం ఆగడం లేదు. ఇద్దరం పరిగె ఏరే సాకుతో ఆ మూలంతా తవ్వి చూశాం. కూలికి వచ్చిన ఆడవాళ్ళు ముందే శుభ్రంగా ఏరుకుపోయారు. మట్టిలో రెండే రెండు ముక్కలు దొరికాయి. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే అయినా, వాటిని తెచ్చి విడిగా కుండీలో పెట్టి, రోజూ పొద్దున ముందు దాని దగ్గరికే వెళ్ళేదాన్ని. జూన్‌లో ఒకటి మొలిచింది. ఆకు వెడల్పుగా విచ్చుకుంది, మొదట్లో ఎర్రజీర లేదు. అది మామూలు పసుపు. రెండోది మొలవనే లేదు. చుట్టుపక్కల ఊళ్ళు కూడా అడిగి చూశాను. “మస్తు దినాల కింద ఉండె” అన్నవాళ్ళే గానీ ఇంకా ఉందన్నవాళ్ళు లేరు.

ఆ మొలక వచ్చిన తర్వాతి వారమే నడ్పి సాయిలు మా కేంద్రానికి వచ్చాడు. కొత్త చొక్కా వేసుకుని, చంకలో ఖాళీ సంచి పెట్టుకుని వచ్చాడు.

“మేడం, మా అమ్మ పసుపు మీ కాడున్నదని పద్మ చెప్పింది. నాలుగు కొమ్ములిస్తరా? గీ ఏడు నా చేతులతోని పెడ్త” అని సంచి తెరిచి పట్టుకున్నాడు.

నా వెనకాల సన్నకొమ్ముల రకాలు ఎన్నో ఉన్నాయి. ఏదో ఒకటి ఇచ్చి ఇదే మీ అమ్మదంటే ఆయన కళ్ళకద్దుకుని పట్టుకుపోయేవాడు. కానీ మా పనిలో అంతకంటే పెద్ద పాపం లేదు. పేరొకటి, మొక్కొకటి అయితే ఇన్ని వరుసలు ఉండి కూడా దండగే. పద్మకిచ్చిన మాట తప్పాను. ఉన్నదున్నట్టు చెప్పాను.

ఆయన సంచి మూతి మెల్లగా మూశాడు.

“అంటె నేనే ఉడకబెట్టిన్నా?”

“నీకు ఎరుక లేదు గదన్నా.”

“మా అమ్మది నాకు ఎరుక లేదా?” అని, కింద కూర్చుండిపోయి, పెద్దగా ఏడ్చాడు. కాస్త తేరుకున్నాక అడిగాడు. “పద్మకు ఎరుకేనా?”

“ఎరుకే. నువ్వు బాధపడ్తవని దాచింది.”

“అయితే నాకు ఎరుకైందని దానికి చెప్పకుండ్రి మేడం. నా కోసం దాసింది. దాసనీండ్రి.”

పాత రకాలు ఎందుకు అంతరించిపోతున్నాయో మా శిక్షణ తరగతుల్లో చెబుతుంటాం. వరదలు, కరువులు, రోగాలు, మార్కెట్. అన్నీ నిజమే. అత్తమ్మ పసుపు అంత వానకూ చావలేదు, అంత రోగానికీ చావలేదు. ఎవరూ కొనకపోయినా బతికింది. పెళ్ళాం కష్టం చూడలేని ఒక మంచి మనిషి చేతిలో పోయింది, అదేదో ఇంట్లో ఒక్కరికే తెలుసు కాబట్టి పోయింది. అప్పటినుంచి ఏ ఇంటికి వెళ్ళినా మొక్క కంటే ముందు మనుషుల గురించి అడుగుతాను. “గిది మీ ఇంట్ల ఇంకెవ్వరికి ఎరుక?” అంటాను. అందరినీ పిలిచి, గట్టు మీద నిలబెట్టి, చూపించాకే కదులుతాను. చాదస్తం అని నవ్వేవాళ్ళున్నారు. నవ్వనివ్వండి.

మొన్న వానాకాలం ఆ దారిన పోతూ వాళ్ళింటికి వెళ్ళాను. పద్మ చాయ్ వడపోస్తోంది. నడ్పి సాయిలు మంచం మీద కూర్చుని, ఆమెకు వినపడేలా అడిగాడు. “మేడం, మా అమ్మ పసుపు మీ కాడ మంచిగున్నదా?”

పద్మ చెయ్యి ఆగింది. ఆమె నా వైపు చూడలేదు. ఆయన మాత్రం నన్నే చూస్తున్నాడు.

“మంచిగున్నదన్నా. మొలక మంచిగొచ్చింది” అన్నాను.

“గంతే చాలు” అన్నాడు. పద్మ మళ్ళీ చాయ్ పోయడం మొదలుపెట్టింది. వచ్చే ఏడు కూడా ఆయన అడుగుతాడు. నేనూ అదే చెబుతాను.