సత్తు పీకే దౌడో

ఆ రోజుల్లో మా ఇంట్లో తెల్లవారితే ఒకటే తగువు. పరుగుకి వెళ్లే ముందు ఈ పిల్ల తినాలా, తినకూడదా? ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది గానీ, అప్పట్లో ఆ మాట వినబడితే చాలు నాకు ఒళ్లు మండిపోయేది. మంట వెనక ఉన్నది భయం. మా క్వార్టరు ఉండడం, ఊడడం ఆ పరుగు మీదే ఉంది మరి. నాన్న టాటానగర్ యార్డులో రైళ్లకి పట్టాలు మార్చే పాయింట్స్‌మన్. రిటైర్మెంటుకి ఏడు నెలలుంది. ఆయన దిగిపోయేలోపు నాకు రైల్వేలో ఉద్యోగం వస్తే బాగ్‌బేరా కాలనీలోని ఆ రెండు గదులూ నా పేరు మీదికి మారతాయి, లేకపోతే మూటాముల్లె సర్దుకోవడమే. రాతపరీక్ష ఎలాగో గట్టెక్కాను. మిగిలింది పరుగు. ఆడపిల్లలకి కిలోమీటరు దూరం, ఐదు నిమిషాల నలభై సెకన్లు, ఒకే ఒక్క అవకాశం. (ఇసుక బస్తా మొయ్యడం కూడా ఉంది గానీ దానికి నేను బెదరలేదు. వీధి కుళాయి నుంచి బిందెలు మోసిన నడుము ఇది.) నేను ఎన్నాళ్లు పరుగెత్తినా నాన్న చేతిగడియారం ఐదు యాభై దగ్గరే ఆగేది. ఆ పది సెకన్లు ఎక్కడ తగ్గించుకోవాలో తెలియక కొన్ని రాత్రులు దుప్పటి కప్పుకుని ఏడ్చాను కూడా.

నాన్న సిద్ధాంతం పరగడుపు. "లైట్ ఇంజిన్ని సూసినావా? ఎనక బోగీల్లేవు, ఎలా దూసుకుపోతాది! కడుపూ అంతేనే" అనేవాడు. వంటింట్లోంచి నానమ్మ ఊరుకునేది కాదు. మా తాతయ్య ఆవిరి ఇంజన్ల కాలంలో ఫైర్‌మన్, అంచేత ఇంజన్ల విషయంలో ఆవిడ ఎవరికీ తగ్గదు. "బొగ్గెయ్యకుండా ఏ ఇంజిన్ నడిసిందిరా? మీ నాన్న ఇరవయ్యేళ్లు బొగ్గేసినాడు, నాకు సెప్తావేటి!" అనేది. "ఇప్పుడన్నీ కరెంటియ్యేనమ్మా" అని నాన్న గొణిగేవాడు. నానమ్మ చేతిలో రాత్రి నీళ్లు పోసి ఉంచిన చద్దన్నం గిన్నె, అందులో ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ. నాన్న స్నానానికి వెళ్లగానే ఆ గిన్నె నా నోటి దగ్గరికి వచ్చేసేది.

ఇది చాలదన్నట్టు పక్క క్వార్టరు ఉస్తాద్‌జీ తయారయ్యారు. బీహార్లో ఛప్రా వైపు నుంచి వచ్చి గ్యాంగ్‌మన్‌గా చేసి రిటైరైన మనిషి, వయసులో కుస్తీలు పట్టినవాడు. నా పరుగు చూసి జాలిపడి నేర్పుతానన్నారు. మొదటిరోజు మా గుమ్మంలో నిలబడి, చెయ్యెత్తి, గట్టిగా ఒక మాట చెప్పారు. "సత్తు పీకే దౌడో, బేటీ! రోజ్ సత్తు పీకే దౌడో!" ఆయన చెప్పింది సత్తు తాగి పరుగెత్తమని. (సత్తు అంటే వేయించిన శనగల పిండి. నీళ్లలో కలిపి, ఉప్పేసి, నిమ్మకాయ పిండి తాగుతారు. ఈ వైపు కూలీ నుంచి ఆఫీసరు దాకా తాగనివాళ్లు లేరు.) కానీ నానమ్మకి నలభై ఏళ్లుగా ఇక్కడే ఉన్నా హిందీ రాదు. కూరలబండి వాడితో కూడా శ్రీకాకుళం తెలుగులోనే బేరమాడి గెలిచే మనిషి, ఆవిడకి హిందీ అవసరం ఏముంది? ఉస్తాద్‌జీ అటు వెళ్లగానే నా రెక్క పట్టుకుని లోపలికి లాగింది. "ఓలమ్మో, ఇన్నావేటే? నీ సత్తువ పీకీసి దౌడు తీయిత్తాడట! మొకం మీదే సెప్పీసినాడు, ఎంత దయిర్నం!"

నేను నవ్వు ఆపుకోలేక చచ్చాను. అప్పుడే విషయం విడమరిచి చెప్పొచ్చు కదా? చెప్పలేదు. ఆవిడ కంగారు చూడ్డానికి నాకు సరదాగా ఉంది. ఆ సరదాకి శిక్ష త్వరలోనే పడింది. నానమ్మ పొద్దునా సాయంత్రం ఉప్పు, మిరపకాయలతో దిష్టి తియ్యడం మొదలుపెట్టింది, పీకేసిన సత్తువకి బదులుగా చద్దన్నం రెట్టింపు చేసింది. నాకు ముగ్గురిలో ఎవరికీ కాదని చెప్పే ధైర్యం లేదు. నానమ్మ పెట్టింది తిని, ఉస్తాద్‌జీ ఇచ్చిన లోటాడు సత్తు తాగి, నాన్న దగ్గర పరగడుపు మొహం పెట్టేదాన్ని. ఒక ఆదివారం మూడో చుట్టులో కడుపు తిరిగింది. నాన్న పక్కనే గడియారం పట్టుకుని పరుగెడుతున్నాడు. నా అబద్ధాలన్నీ ఒక్కసారిగా వెళ్లి ఆయన చెప్పుల మీద పడ్డాయి. నాన్న వంగి చూశాడు. అన్నం మెతుకులు, ఉల్లిపాయ ముక్కలు, శనగపిండి, ఒక్కటీ వదలకుండా గుర్తుపట్టాడు. నన్ను తిట్టలేదు, అదే నాకు ఎక్కువ బాధ. "క్వార్టరు పోతే పోనీ, నాతో నిజం సెప్పలేవేటే?" అన్నాడంతే. పరీక్షరోజు మంచినీళ్లు తప్ప ఏమీ ముట్టనని ఆయన చెయ్యి పట్టుకుని ఒట్టేశాను. నానమ్మ ఆ సాయంత్రం నుంచి వంటింట్లో ఏదో వేపుతూ, దంచుతూ కూర్చుంది.

పరీక్షనాడు తెల్లవారుజామున నాన్న సైకిలు వెనక కూర్చుని మైదానానికి వెళ్లాను. ఆరింటికి మా గుంపు పరుగెత్తాలి. ఆరు దాటింది, ఏడు దాటింది, కాగితాలు చూడ్డమే అవలేదు. తొమ్మిదింటికి ఎండ నెత్తికెక్కింది. కళ్ల ముందు నల్లటి చుక్కలు. కంచె అవతల నాన్న నిలబడి ధైర్యంగా ఉండమని సైగ చేస్తున్నాడు. హాల్‌టికెట్టు కోసం సంచిలో చెయ్యి పెడితే పాత వార్తాపత్రికలో చుట్టిన పొట్లం తగిలింది. విప్పితే మూడు ఉండలు. నానమ్మ! ఒట్టు గుర్తొచ్చింది. నాన్న మొహం గుర్తొచ్చింది. కానీ పడిపోతే ఒట్టూ మిగలదు, క్వార్టరూ మిగలదు. గోడవైపు తిరిగి ఒకటి నోట్లో వేసుకున్నాను. వేయించిన శనగలు మెత్తగా దంచి, బెల్లం కలిపి చుట్టింది. నమలడం ఆపేశాను. ఇది సత్తే! సత్తువ పీకేసేవాడికి విరుగుడుగా మా నానమ్మ తనకి తెలియకుండా చేసిపెట్టింది అక్షరాలా సత్తు! అంత భయంలోనూ పకపకా నవ్వేశాను. పక్కనున్న పిల్ల పిచ్చిదాన్ని చూసినట్టు చూసి "పాగల్ హై క్యా?" అని దూరంగా జరిగింది. మూడూ తినేసి నీళ్లు తాగాను. ఆ తర్వాత గంటకి ఈల మోగింది.

రెండున్నర చుట్లు. మొదటి చుట్టు ఎలా గడిచిందో తెలియలేదు. రెండో చుట్టులో డొక్కలో పోటు మొదలైంది, ఎడమకాలు బరువెక్కింది, ముందు పదిమంది ఉన్నారు. ఆఖరి సగం చుట్టులో కంచె అవతల నాన్న నాతోపాటే పరుగెడుతున్నాడు, చెప్పులు ఎక్కడో వదిలేశాడు. "పదిహేను! పదిహేను సెకన్లుందే! లాగెయ్ అమ్మా!" టైము అయిపోగానే గీత మీద తాడు అడ్డంగా లాగుతారు. తాడవతల పడ్డవాళ్లు ఉద్యోగస్తులు, ఇవతల ఉండిపోయినవాళ్లు ఇంటికి. తాడు లేవడం కళ్లారా చూశాను. కళ్లు మూసుకుని దూకాను. వీపుకి గరుగ్గా ఏదో రాసుకుంది. కళ్లు తెరిస్తే తాడు నా వెనక ఉంది.

ఆ సాయంత్రం ముగ్గురూ విడివిడిగా నన్ను పట్టుకున్నారు. ఉస్తాద్‌జీ గుమ్మంలోంచే "సత్తు పీకే దౌడీ థీ నా?" అన్నారు. తాగలేదు గానీ సత్తు సత్తే కదా, "జీ ఉస్తాద్‌జీ" అన్నాను. నానమ్మ నా చెవిలో "ఆ ముసిలోడు పీకీసిన సత్తువంతా నాను మళ్లీ ఎట్టీసినాను. ఎవులికీ సెప్పకు" అంది. అదీ నిజమే. నాన్న మాత్రం గర్వంగా మీసం దువ్వుకుంటూ "సూసినావా, పరగడుపు మహిమ!" అన్నాడు. చెప్పేద్దామని నోరు తెరిచాను. పగిలి నెత్తురు కారుతున్న ఆయన పాదాలు చూసి, "అవును నాన్నా" అనేశాను. ఆయనతో నేనాడిన ఆఖరి అబద్ధం అదే. ఇప్పటికీ దానికి సిగ్గుపడను.

తర్వాతెప్పుడో నానమ్మ చేసిన ఆ ఉండలే ఉస్తాద్‌జీకి పెడితే, "వాహ్, సత్తు కే లడ్డూ!" అని మెచ్చుకున్నారు. నానమ్మ పళ్లెం వెనక్కి లాగేసుకుంది. "ఇన్నావేటే, తింటా తింటా మళ్లీ సత్తు అంటన్నాడు!" నేను అప్పుడూ విడమరిచి చెప్పలేదు. ఆవిడ పోయేదాకా చెప్పలేదు. ఇప్పుడు చెప్పాలనుంది.

ఇప్పుడు అదే క్వార్టరులో ఉంటున్నాను. బరువు తగ్గమని డాక్టరు పొద్దుటి నడక రాశారు. నా కూతురు ఫోను చూపిస్తూ "మమ్మీ, ఖాలీ పేట్ జానా హై, యాప్ మే లిఖా హై" అంటుంది, పరగడుపునే వెళ్లాలని యాప్‌లో రాసుందట. సరేనమ్మా అంటాను. అది అటు తిరగ్గానే డబ్బా మూత చప్పుడు కాకుండా తీసి, గోడవైపు తిరిగి, ఒక సత్తు ఉండ నోట్లో వేసుకుంటాను. ఆ తర్వాత బూట్లు వెతుక్కుని, వంగి, లేసులు కట్టుకునేసరికి సరిగ్గా ఐదు నిమిషాల నలభై సెకన్లు పడుతుంది.