నాలుగు తాళాల రోబో

మొన్న ఆదివారం మా మిక్సీ మొరాయించింది. మెయిన్ బాక్సు దగ్గరకెళ్ళి వంటింటి స్విచ్చు దించి, బాక్సు తలుపుకు తాళం వేసి, తాళంచెవి కొంగుకు ముడేసుకున్నాక గానీ నేను దాని మీద చెయ్యి వెయ్యలేదు. చాయ్ కోసం వచ్చిన మా ఆయన ఇదంతా చూసి, "మిక్సీకి తాళమేందే? చట్నీ గిట్ల దొంగలెత్తుకపోతరా?" అన్నాడు. జవాబు చెప్పాలంటే మా చిన్నాయన దగ్గర్నుంచి మొదలుపెట్టాలి. అప్పటికి చాయ్ చల్లారిపోతుందని ఊరుకున్నాను.

చిన్నాయన బొల్లారంలో ఓ మందుల ఫ్యాక్టరీలో సేఫ్టీ ఆఫీసరు. ఆ ఉద్యోగాన్ని ఆయన గేటు దగ్గర వదిలేసి వచ్చే రకం కాదు. తన పెళ్ళిలో జీలకర్ర బెల్లం పెట్టే ముందు లేచి వెళ్ళి వంటవాళ్ళ సిలిండరు పైపు చూసొచ్చాడని చిన్నమ్మ ఇప్పటికీ దెప్పుతుంది. పటాన్‌చెరులో మా స్కూలు రోబోటిక్స్ టీం పెట్టినప్పుడు, ఫ్యాక్టరీ మనిషికి మెషిన్లన్నీ తెలిసే ఉంటాయనుకుని మా ప్రిన్సిపాల్ ఆయన్నే మెంటరుగా పిలిచారు. ఆయన మొదటిరోజే నిజం చెప్పేశాడు. "రోబో సంగతి నాకు తెల్వది సార్. దాని కింద పిల్లల వేళ్ళు పడకుంట సూస్త." మా రోబో ఎంతంటే అన్నం వండే కుక్కరంత. దాని చక్రం కింద నిమ్మకాయ పెట్టినా నలిగేది కాదు.

టీంలో నలుగురం: నేను, మా మేనత్త కూతురు (నాకంటే కొన్ని నెలలు పెద్దదని వదినా అని పిలవాల్సి వచ్చేది), ఇంకో ఇద్దరు అబ్బాయిలు. చిన్నాయన మాకు నేర్పిందల్లా ఫ్యాక్టరీ ఆచారం ఒక్కటే. మెషిన్‌లో చెయ్యి పెట్టేవాడు కరెంటు ఆపి, స్విచ్చుకు తన సొంత తాళం వేస్తాడు. చెవి తన దగ్గరే ఉంచుకుంటాడు. ఆ తాళం వాడు తీసేదాకా ఓనరు వచ్చినా మెషిన్ తిరగదు. మా రోబో బ్యాటరీకి ఆయన రేకు డబ్బా చేయించి, నాలుగు సూట్‌కేసు తాళాలు కొనిచ్చాడు, మనిషికొకటి. పక్క స్కూలు పిల్లలు మమ్మల్ని బీరువా కంపెనీ అని పిలిచేవాళ్ళు.

అయినా సంగారెడ్డిలో జరిగిన జిల్లా పోటీలో ఫైనల్‌కొచ్చాం. ఖోఖోలో గానీ వ్యాసరచనలో గానీ ఏనాడూ రెండో బహుమతి కూడా ఎరగని పిల్లని నేను. ఆ కప్పు నాకు ఎంత కావాలంటే, దాన్ని ఇంట్లో టీవీ పక్కన ఎటు తిప్పి పెట్టాలో కూడా ముందే ఆలోచించి పెట్టుకున్నాను. పొద్దున చక్రాలు బిగించేటప్పుడు నలుగురం తాళాలు వేశాం. ఫైనల్ మధ్యాహ్నం కదా అని మేనత్త మా వదినను ఇస్మాయిల్‌ఖాన్‌పేట భవానీ గుడికి తీసుకెళ్ళింది, మా గెలుపు కోసమే మొక్కడానికి. తన తాళం చెవి వదిన మెడలోనే ఉండిపోయింది. ఇంతలో నిర్వాహకులు ఫైనల్‌ను ముందుకు జరిపారు.

మైకులో మా పేరు పిలిచారు. మూడు తాళాలు తీశాం. నాలుగోది అలాగే వేలాడుతోంది. మేనత్తకు ఫోన్ మీద ఫోన్ చేశాం. గుళ్ళో ఫోను ఎత్తడం ఆమె లెక్కలో పాపం. చిన్నాయన సంచిలో కట్టరు ఉంది.

"కొయ్యి చిన్నాయనా! పండ్లతోని కొరికినా ఊడే తాళమది!" అని ఆయన చొక్కా పట్టుకు గుంజాను.

"ఎవరి తాళం వాళ్ళే తియ్యాలె బిడ్డా."

జడ్జి వంగి మా కుక్కరంత రోబోలోకి తొంగి చూసి, "లోపల ఎవరన్న ఇరుక్కున్నరా సార్?" అని అడిగాడు. హాలంతా గొల్లుమంది. చిన్నాయన మాత్రం, "లేరు సార్. అయినా కొయ్యద్దు," అన్నాడు చేతులు కట్టుకుని. కాసేపు చూసి కప్పు అవతలి టీంకిచ్చేశారు. అప్పుడు దిగింది వదిన షేర్ ఆటోలోంచి, నుదుటి నిండా కుంకుమతో, చేతిలో పులిహోర పొట్లంతో. "అమ్మవారు కుడిపక్క పువ్విచ్చింది! కప్పు మనదే!" అని అరుచుకుంటూ.

తిరిగొచ్చే బస్సులో చిన్నాయన నా పక్కన కూర్చున్నాడు. "కోస్తే కప్పొస్తుండె. గని గా రోజు సంది నువ్వు ఎవ్వరి తాళం లెక్కజెయ్యకపోతుండె," అన్నాడు. "నాకు కప్పే గావాలె," అని కిటికీ వైపు తిరిగి, ఏడుస్తూనే పులిహోరంతా తినేశాను. ఆ కోపం చాలా ఏళ్ళు మోశాను. టీంలో ఒకతను ఇప్పుడు కుట్టు మిషన్లు బాగుచేస్తాడు. బెల్టు ఊడదీసి జేబులో పెట్టుకోనిదే సూదిని ముట్టడట. నేను పటాన్‌చెరు దగ్గర ఓ మందుల కంపెనీలో మెయింటెనెన్స్‌లో చేరాను. ఆచారం ఒంటబట్టింది గానీ కోపం పోలేదు.

ఒకరోజు పొడులు కలిపే పెద్ద మిక్సర్‌లోకి దిగి, టార్చి వెలుగులో దాని రెక్కల బోల్టులు చూస్తున్నాను. కింద ప్యానెల్ దగ్గర ఎవరో అరుస్తున్నారు. "ఎవడో తాళం మరిచిపోయిండు. బ్యాచ్ లేటయితుంది, కోసెయ్!" దిగేముందు ప్యానెల్ స్విచ్చుకు నేను వేసిన తాళం అది. పైన మూత దగ్గర కాపలా ఉన్న మనిషి కేక వేసేలోపే కింద మా బిహారీ ఆపరేటరు గొంతు వినిపించింది. చేరిన కొత్తలో అతనికి ఈ పాఠం చెప్పింది నేనే. "మేడమ్ కా తాలా హై సాబ్. మేడమ్ హీ ఖోలేంగీ." మేడమ్ తాళమట, మేడమే తియ్యాలట. ఎవరూ కొయ్యలేదు.

బయటికొచ్చి, నా తాళం నేనే తీసుకుని, మెట్ల మీంచే చిన్నాయనకు ఫోన్ చేశాను. "నాకు ఆ కప్పొద్దు చిన్నాయనా," అన్నాను, అంతే. ఆయన, "మెట్ల మీద నిలబడి మాట్లాడుతున్నవా? ముందు రెయిలింగు పట్టుకో," అన్నాడు.

పట్టుకున్నాను. పిల్లప్పుడు ఒక పూటలో ఓడిపోయాననుకున్న ఆట నిజానికి ఎవరు గెలిచారో తేలడానికి అన్నేళ్ళు పట్టింది.