బియ్యానికి తూచిన కేకు

కాపురానికొచ్చిన మొదటి క్రిస్మస్‌కి మా అత్తగారు తన పరువు తెచ్చి నా చేతిలో పెడితే, నేను దాన్ని తీసుకెళ్ళి నిప్పుల మీద పెట్టాను. ఎలాగో చెబుతాను. నవ్వొస్తే నవ్వుకోండి, మా ఇంట్లోవాళ్ళు ఇన్నేళ్ళుగా నవ్వుతూనే ఉన్నారు.

కొట్లలో సేర్లు, వీశెలు పోయి కిలోలు కొత్తగా వచ్చిన రోజులవి. మా వదినగారు, అంటే మా ఆయన అక్కగారు, ఏటా పండక్కి బెజవాడ నుంచి నందిగామ వస్తూ కేకు కొని తెచ్చేవారు. దాంతోపాటు "మీ ఊళ్ళో ఏం దొరుకుద్దిలే" అన్న మాట కూడా తెచ్చేవారు. ఆ మాట అత్తయ్యకి మళ్ళీ పండగ వచ్చేదాకా గుచ్చుకుంటూనే ఉండేది. జగ్గయ్యపేటలో మా అక్క కేకు చేస్తుంటే చూశానని నేను నోరు జారాను. అంతే, అత్తయ్య కూతురికి కబురు పంపేశారు: "ఈసారి కేకు తేవద్దు. మా కోడలు చేస్తది."

చూసిన మాట నిజమే. చేయలేదు. ఆ తేడా ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు.

అక్క కొలత మాత్రం బాగా గుర్తుంది. రెండు సోలల మైదాకి సోల పంచదార, తక్కినవి దానికి తగ్గట్టు. మా ఆయన్ని వెంటబెట్టుకుని, కొలిచే సోల చేతబట్టుకుని కొట్టుకి వెళ్ళాను.

"మైదా సోలతో ఇవ్వనమ్మా. తూకం చెప్పు, కడతా" అన్నారు శెట్టిగారు.

నేను ఒక్క క్షణం ఆలోచించాను. ఆ క్షణమే నా కొంప ముంచింది.

"రెండు సోలల బియ్యం ఎంత తూగుతాయో అంత మైదా కట్టండి" అన్నాను.

మా ఆయన బళ్ళో లెక్కల మాస్టారు. ఆయన మొహం వెలిగిపోయింది. "భలే చెప్పావే. సోల సోలేగా. బియ్యం పోస్తే పెరుగుద్దా, పిండి పోస్తే తరుగుద్దా?"

పెళ్ళయ్యాక ఆయన నన్ను మెచ్చుకోవడం అదే మొదలు. ఆ మత్తులో బియ్యం బరువు, పిండి తేలిక అన్న సంగతి నా బుర్రకెక్కలేదు. పైగా శెట్టిగారు మర్యాదస్తులు. మా వైపు సోలని అంచుకి సరిగ్గా కొలిస్తే పిసినారి అంటారు. ఆయన కుదిపి, పైన గోపురం లేచేలా బియ్యం పోసి, వాటికి సరితూగేలా మైదా కట్టారు.

ఇంటికొచ్చి కొలిస్తే ఆ మైదా మూడు సోలలు దాటింది. పాపం శెట్టిగారు పొరపాటున ఎక్కువ కట్టారనుకుని, గుట్టుచప్పుడు కాకుండా ఆ సోల పంచదారకే అంతా కలిపేశాను. డేగిసాలో ఇసుక పోసి, గిన్నె దించి, మూత మీద నిప్పులు పేర్చాను.

పండగ రోజు ప్రార్థన అయ్యాక చుట్టాలూ ఇరుగుపొరుగూ వచ్చి వసారాలో కూర్చున్నారు. లోపల నేను చాకు పెట్టాను. దిగలేదు. మా ఆయన పెట్టారు. చాకు వంగింది.

"అమ్మా, గొడ్డలి ఎక్కడుంది?" అన్నారు వదినగారు, ఎంతో మామూలుగా.

అత్తయ్య మొహం చూడాలంటే నాకు భయమేసింది. పుట్టింటికి వెళ్ళే బస్సు ఎన్నింటికో మనసులో లెక్కేసుకుంటున్నాను. ఆవిడ కేకుని గుడ్డలో చుట్టి, పెరట్లో రోట్లో వేసి దంచారు. ఆ పొడిలో వేడి పాలు, బెల్లంపాకం, జీడిపప్పు కలిపి ఉండలు చుట్టి పళ్ళెంలో పేర్చారు.

"ఇదేంటమ్మా?" అన్నారు వదినగారు.

"కేకు లడ్డు. మా కోడలి పుట్టింటోళ్ళ వంట. బెజవాడలో దొరకదులే, తిను."

వదినగారు మూడు తిన్నారు. పళ్ళెం ఖాళీ అయింది.

మరుసటి ఏడాదికి నేను పట్టుదలగా అక్క దగ్గర నేర్చుకుని కేకు చేశాను. దూదిలా పొంగింది. అత్తయ్య వేలితో నొక్కి చూసి నిట్టూర్చారు.

"ఇంత మెత్తగా చేశావేంటే? దీన్ని రోట్లో వేస్తే ఏం మిగులుద్ది? అవతల అందరూ లడ్లు అడుగుతున్నారు. పోయి బియ్యానికి తూయించుకురా."

ఆవిడ బతికున్నంతకాలం ప్రతి పండక్కీ ఆ తప్పు శ్రద్ధగా చేశాను. ఇప్పుడావిడ లేరు, డిసెంబరు వస్తే చాలు మనసు బరువెక్కుతుంది. అందుకే మీ అందరి ఎదుటా ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో ఇక పిండిని బియ్యానికి తూచను. దంచి కాపాడే అత్తయ్య లేకుండా అంత సాహసం నావల్ల కాదు.