అంగడి రోజు దుక్కి

మా బావ కట్టెకాలు తెల్లారకముందే తనంతట తానే లేచి, బూటు తొడుక్కుని, మెట్ట చెలకకు పోయి దున్ని వస్తుందని కాటారం చుట్టుపక్కల ఒక కథ తిరిగేది. ఆ కథ పుట్టించింది నేనే. సర్కారు చేసిన కాలు కదా, ఆర్డరు వేస్తే ఆగదని తోక కూడా తగిలించాను. పిల్లలు నమ్మారు. పెద్దవాళ్లు నవ్వారు. నాకు కావలసింది ఆ నవ్వే. నవ్వుతున్నంతసేపు ఆ చెలకను నిజంగా దున్నేది ఎవరని ఎవరూ అడగరు.

దున్నేది మా అక్క.

అది బయటికి చెప్పే మాట కాదు. నాటు వేసినా, కలుపు తీసినా, మోపులు మోసినా ఎవరూ ఏమనరు కానీ, ఆడది నాగలి పడితే వాన వెనక్కి మళ్లుతుందని అక్కడ గట్టి నమ్మకం. పక్కూళ్లో వాన తప్పిన ఏడు ఒక ఒంటరి ఆడమనిషి నాగలి మేడి పట్టిందన్న అనుమానంతోనే ఆమెను చేదబావి దగ్గరికి రానివ్వలేదు. అనుమానానికే అంత శిక్ష.

బావ డెబ్బై ఒకటి యుద్ధంలో కుడికాలు మోకాలి కిందికి పోగొట్టుకుని వచ్చాడు. సర్కారు పుణెలో కొత్త కాలు చేయించింది. పింఛను ఇచ్చింది. మాజీ సైనికుడని అడవి అంచున నాలుగెకరాల చెలక కూడా ఇచ్చింది. సొంతంగా సేద్యం చేసుకోవాలి, కౌలుకు ఇస్తే భూమి వాపసు అన్నది షరతు. కాలు మంచిదే, తారురోడ్డు మీద. చీలమండ దగ్గర వంగదు కాబట్టి దుక్కి పెళ్లల్లోకి దిగితే మాత్రం ఒకచోట పాతిన గుంజే. అయినా బావ ప్రతి పొద్దున రెండు బూట్లకూ ఒకే తీరున పాలిష్ పట్టేవాడు. నాకు అది చూడబుద్ధి అయ్యేది కాదు. అందుకని ఎగతాళి చేసేవాణ్ణి.

మరి బామ్మర్దివి నువ్వేం చేశావని అడుగుతారు. మాది జఫర్‌గఢ్, అప్పట్లో నేను మానుకోటలో బియ్యం మిల్లు గుమాస్తాను. చిన్నప్పుడు ఒక్కసారి నాగలి పట్టి ఎద్దు గిట్టకు కర్రు తగిలిస్తే, మా నాయిన దండం పెట్టి నన్ను బడికి తోలాడు.

కాబట్టి ఊరు ఊరంతా కాటారం వారపు అంగడికి కదిలిన రోజు మా అక్క ఎడ్లను కట్టేది. మళ్లీ దుక్కి వచ్చే అంగడికే. మూడేళ్లు అట్లాగే నడిచింది.

నాలుగో ఏడు మృగశిర కార్తె మబ్బు లేకుండానే పోతున్నప్పుడు, అంతకుముందు ఆ చెలకలో తన పశువులు మేపుకున్న ఊరి పెద్దమనిషి ఒకాయన పైకి అర్జీ పెట్టించాడు. ఒంటికాలివాడు దున్నలేడు కనుక కౌలుకు ఇచ్చాడని. తాసీల్దారు స్వయంగా చూడటానికి వస్తున్నాడని పట్వారీ కబురు తెచ్చాడు. అక్క నాకు కబురంపింది. భూపాలపల్లిలో బస్సు మారి నేను చేరేసరికి ఆయన రావడానికి ఒక్క రాత్రే మిగిలింది.

"ఏం బామ్మర్దీ, నీ అబద్ధాల సంచిల రేపటికి పనికొచ్చేదొక్కటన్న ఉన్నదా?" అన్నాడు బావ.

"పులి దున్నిందని చెప్పుదామా?"

"ఇద్దరు నోర్లు ముయ్యుండ్రి," అంది అక్క. "నేనే దున్నుతున్న అని చెప్త. అయిపోతది."

"చెప్పినంక వాన పడకపోతే? నిన్ను ఊర్ల బతకనిస్తరా? భూమి పోతే పోనీ," అన్నాడు బావ.

"భూమి పోతే తినేదేంది, నీ బూట్లా?"

అక్క ఆ మాట అనకుండా ఉండవలసిందన్నట్టు పొయ్యి వైపు తిరిగింది. బావే అన్నాడు, "రేపు మేడి నేను పడత. నాలుగు సాళ్లు దున్ని చూపెడత."

మర్నాడు జీపు వాగు దగ్గర ఆగింది. తాసీల్దారు కోస్తా మనిషి. అరవై తొమ్మిది తెలంగాణ గొడవల తర్వాత ఆ యాస వింటేనే మావాళ్ల ముఖాలు బిగుసుకునేవి. ఆయన వెంట పట్వారీ, అర్జీ పెట్టించిన పెద్దమనిషి, వాళ్ల వెనక సగం ఊరు. బావ సెల్యూట్ కొట్టాడు.

"మీరేనా దున్నేది?"

"నేనే సార్."

"మరి ఆ కాలే వచ్చి దున్నుతుందని చెప్పుకుంటున్నారే!" అని ఆయన నవ్వాడు. ఆ రోజు నా కథకు నాకే నవ్వు రాలేదు.

బావ మేడి పట్టి, ఫౌజులో ఆర్డరు వేసినట్టు "ఆగే బఢ్!" అన్నాడు. ఎడ్లు కదలలేదు. చర్నాకోల ఆడించాడు. తోకలు ఊపాయి తప్ప అడుగు వేయలేదు. నేను పోయి ముకుతాడు పట్టి లాగాను. ఎర్రెద్దు నన్ను గుర్తుపట్టిందేమో, కొమ్ము విసిరింది. బావ ముఖాన చెమటలు కారుతున్నాయి. ముందుకు వంగి మేడిని తోశాడు. బూటు మట్టిలో దిగబడి, మనిషి పక్కకు ఒరిగిపోయాడు.

చెలక ఒడ్డు మీద నిలబడ్డ అక్క నోట్లోంచి ఒక చప్పుడు వచ్చింది. నాలుకతో 'ట్ట' అన్న చప్పుడు. అప్రయత్నంగా వచ్చిందో, కావాలనే చేసిందో ఆమె ఎప్పుడూ చెప్పలేదు. రెండెడ్లూ చెవులు రిక్కించి, పడ్డ మనిషిని వదిలేసి, నాగలితో సహా నేరుగా ఆమె ముందుకు పోయి నిలబడ్డాయి.

పెద్దమనిషి మెల్లగా అన్నాడు, "గా ఎడ్లు గామె మాటెట్ల ఇంటున్నయే?"

అక్క కొంగు నడుముకు చుట్టి మేడి పట్టింది. గీత గీసినట్టు ఒక సాలు పోసి, ఆ చివర ఎడ్లను తిప్పుకుని వచ్చింది.

"పాడుగాను! ఇగ వాన పడ్డట్టే," అని గుంపులోంచి ఒక ముసలవ్వ నెత్తి కొట్టుకుంది.

"మూడేండ్ల సంది దున్నుతున్ననే అవ్వా," అంది అక్క. "నిరుడు వాగొచ్చి నీ మేక కొట్టుకపాయె, యాదికున్నదా? నిరుడు దున్నింది గూడ నేనే."

తాసీల్దారు పడ్డచోటే కూర్చుని ఉన్న బావను లేపి, బట్టల మట్టి తనే దులిపాడు. "భార్య దున్నితే సొంత సేద్యం కాక మరేమిటండీ? అలాగే రాస్తాను," అన్నాడు.

ఈ కథ చెప్పినప్పుడల్లా నేను జీపు వాగు దాటకముందే వాన కురిపించేవాణ్ణి. నిజానికి కురవలేదు. భూమి దక్కిందన్న మాట త్వరలోనే తెలిసింది కానీ, దాన్ని పట్టుకుని సంతోషపడటానికి మాకు ధైర్యం చాలలేదు. బావి దగ్గర అక్క కుండ పెడితే పక్క కుండలు జరిగేవి. బావ అరుగు మీద కూర్చుని మబ్బుల కోసం పహరా కాసేవాడు. వాన పడేదాకా మిల్లుకు రానని నేను కబురంపాను. రాత్రి గాలి తిరిగితే ముగ్గురం లేచి కూర్చునేవాళ్లం.

ఆరుద్ర కార్తె చివర్లో వాన పడింది. గొప్ప వానేం కాదు, విత్తనానికి సరిపడా. మూడోనాడు మధ్యాహ్నం మేక పోగొట్టుకున్న అవ్వ తడికె సందులోంచి తల పెట్టి, అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి అక్కను పిలిచింది.

"బిడ్డా, మా పోరనికి జరమొచ్చింది. పదును ఆరిపోతున్నది. జర నా చెలక గూడ దున్నిపెడుదువా?"

"ఎప్పుడు రావాల్నే?"

"రేపు అంగడి రోజు, రేపే రా. ఎవ్వలుండరు."